రెండో ముడి

పదకొండో వారం

పోయిన వారం మనం శంకరవ్వను కరీంనగర్ దవాఖానలో, మిషన్ గది గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. ఒక చేతిలో సద్దిగిన్నె, ఇంకో చేతిలో తమ్ముడి చెప్పులు. లోపల తారాబాయి అనే నర్సు కైలాసం చొక్కా చెయ్యి పైకి మడిచింది. మణికట్టు మీద వేళ్ళు పెట్టింది. పెట్టిన వేళ్ళు తియ్యకుండా కాసేపు అట్లాగే నిలబడిపోయింది. తర్వాత కత్తెర తీసుకుని, అతని చేతికి ఉన్న పసుపు దారాన్ని పుటుక్కున కత్తిరించి, గుమ్మం వైపు తిరిగి ఒక్క మాట అడిగింది.

"గీ దారం కట్టిందెవరు?"

కథ కొత్తగా అందుకున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. శంకరవ్వ, కైలాసం సిరిసిల్లలో పుట్టిన అక్కాతమ్ముళ్ళు. వాడికి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ళ అక్కే తల్లయింది. పెళ్ళయ్యాక ఆమె భీవండి పోయింది, అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుని బతుకుతోంది. తమ్ముడు సిరిసిల్లలోనే సాంచాల మీద బట్ట నేస్తాడు, మరమగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. వాడి భార్య సక్కుబాయి బీడీలు చేస్తుంది. ఇద్దరు పిల్లలు. పదకొండు నెలల కింద కైలాసం కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు బస్సెక్కి కరీంనగర్ వచ్చి నెత్తురు శుభ్రం చేయించుకుంటున్నాడు. ఇంటిల్లిపాదికీ తెలిసిన ఈ సంగతి ఒక్క శంకరవ్వకు తెలియదు. చెప్పొద్దని వాడే ఆన పెట్టాడు. అక్కకు తెలిస్తే భీవండిలో అన్నం ముట్టదని వాడి భయం.

ఏటేటా వచ్చినట్టే మంగళవారం ఆమె దిగింది. బుధవారం నూలు పౌర్ణమి, అంటే రాఖీ పండుగ. పద్మశాలి ఆడబిడ్డ ఆ రోజు ఎక్కడున్నా పుట్టింటికి చేరి, తోడబుట్టినవాడి కుడిచేతికి తొమ్మిది పోగుల దారం కట్టాలి. సక్కుబాయి బీడీల కార్ఖానాకు పోయిన వేళ ఆ ముచ్చట కాస్తా జరిగిపోయింది. వద్దంటే ఎందుకో చెప్పాల్సి వస్తుందని కైలాసం చెయ్యి చాచాడు, తర్వాత ఆ దారం భార్య కంట పడకుండా చొక్కా చేతి కింద దాచుకున్నాడు. శుక్రవారం పొద్దున తమ్ముడి ముఖం ఉబ్బి ఉండటం చూసి, ఎవరు ఎంత వద్దన్నా వినకుండా వాళ్ళతో బస్సెక్కింది శంకరవ్వ. ఇక ఆ గుమ్మం దగ్గరికి పోదాం.

"నేనే కట్టిన బిడ్డా" అంది శంకరవ్వ. అనేటప్పుడు ఆమె ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వానికి తర్వాత ఎన్నిసార్లు తన్ను తాను తిట్టుకుందో లెక్కలేదు. "నూలు పున్నమి గద. నా చేతులతోని వడికిన నూలు."

తారాబాయి ఆ దారాన్ని పక్కనున్న స్టీలు పళ్ళెంలో వేసి, డాక్టరును పిలవడానికి పోయింది. సక్కుబాయి మాత్రం కూర్చున్న బల్ల మీది నుంచి లేచి, భర్త చేతిని రెండు చేతుల్తో పట్టుకుని చెవికి ఆనించుకుంది. తీసింది. మళ్ళీ ఆనించుకుంది.

"మోగుతలేదు" అంది. ఆ తర్వాత భర్త ముఖంలోకి చూసింది. "నిన్న అడిగితె మోగుతుందన్నవు గద."

"రాత్రిదాక మోగింది" అన్నాడు కైలాసం, గోడకేసి చూస్తూ.

శంకరవ్వకు ఏమీ అర్థం కాలేదు. అయితే ఒకటి గుర్తొచ్చింది. బుధవారం పొద్దున దారం కట్టి, ఆ ముడిని కళ్ళకద్దుకున్నప్పుడు, తమ్ముడి మణికట్టు కింద ఏదో జుమ్మంటున్నట్టు ఆమెకూ తెలిసింది. గిదేందిరా అని అడిగింది. పొద్దంత సాంచాల కాడ నిలబడే చెయ్యి గదక్కా, అదురు ఇంటికొచ్చినా పోదు అన్నాడు. అక్కడున్న కుట్ల మచ్చ గురించి అడిగితే సాంచ పట్టా తెగి తగిలిందన్నాడు. భీవండిలో ముప్ఫై ఏళ్ళుగా నేతగాళ్ళ చేతులు చూస్తున్న మనిషి. నమ్మేసింది.

డాక్టర్ జనార్దన్‌రావు వచ్చి చూసి, ఆడవాళ్ళిద్దరినీ వరండాలోకి రమ్మన్నాడు. పెద్ద వయసు మనిషి. రోగుల తరఫు వాళ్ళతో నిలబడి మాట్లాడటం ఆయనకు చేతకాదు. బెంచీ మీద వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

"ఈమె ఎవరు?"

"మా వదినె. ఆయనకు అక్క. ఈమెకు ఏం తెలువది సారు" అంది సక్కుబాయి. ఆ మాటలో మర్యాద లేదు, కోపం కూడా లేదు. గొంతులో ఏదీ మిగల్లేదు.

"అమ్మా, నీ తమ్మునికి రెండు కిడ్నీలు పనిచేస్తలెవ్వు" అన్నాడు డాక్టరు శంకరవ్వతో. "ఒంట్ల నెత్తురు కడిగే పని వాటిది. అవి చేస్తలెవ్వు కాబట్టి గా మిషన్ చేస్తది. నెత్తురు మిషన్‌లకు పోవాలె, కడుక్కొని మల్ల ఒంట్లెకు రావాలె. మామూలు నరం గా జోరుకు ఆగదు. అందుకని మణికట్టు కాడ లోపలి పెద్ద నరాన్ని తెచ్చి పై నరానికి కుట్టినం. దాన్ని ఫిస్టులా అంటం. పెద్ద కాలువకు గండి కొట్టి పిల్లకాలువల కలిపితే ఎట్లుంటది, గట్ల. నెత్తురు జోరుగ పారి పారి పై నరం లావైతది, గట్టిపడ్తది. వారానికి రెండుసార్లు రెండు లావు సూదులు గుచ్చినా తట్టుకుంటది. లోపల పారుతుంటే జుమ్మని మోగుతది. గా మోత ఉన్నదంటే నరం బతికున్నట్టు."

"గిప్పుడు?"

"ఆగిపోయింది. గడ్డకట్టింది."

శంకరవ్వ తల దించి చూసుకుంది. చేతిలో చెప్పులు ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

డాక్టరు ఆమెను చూడకుండా చెప్పుకుపోయాడు. "ఎవరికైనా ఎడమ చేతికే చేస్తం. కాని రోగం తెలువకముందు ఎక్కడనో ఎడమ చేతికే ఇరవై రోజులు గ్లూకోజ్ ఎక్కించిండ్రు. మణికట్టు కాడ నరాలన్ని ఎండిపోయినయి. గందుకే కుడిచేతికి చేసినం. ఆ చేతికి సూది ఇయ్యద్దు, బీపీ పట్టా కట్టద్దు, బరువు మొయ్యద్దు, గడియారం పెట్టుకోవద్దు, దాని మీద పండుకోవద్దని వందసార్లు చెప్పినం. బిగువు ఒక్క రాత్రి ఉన్నా చాలు, నరం ఆగుతది."

బిగువు. ఆ మాట శంకరవ్వకు సూటిగా వచ్చి తగిలింది. ఎవరూ వేలెత్తి చూపలేదు, చూపే పని కూడా లేదు. తన చేతులతో వడికిన నూలు, తన చేతులతో కలిపిన పసుపు, తన చేతులతో వేసిన ముడి. తల్లి లేని పిల్లవాడిని గంజి పోసి, జొన్న గట్క పెట్టి, చంకనేసుకుని పెంచి, ఇప్పుడు తనే వాడి నెత్తురు పారే దారిని మూసేసింది.

"ఆ గడ్డను తియ్యరాదా సారు?" అంది సక్కుబాయి.

"ఆగిన పూటనే వస్తే కోసి తియ్యొచ్చు. రాత్రే ఆగిందంటుండు గని, రాత్రిది కాదు. ముట్టుకుంటే తాడు లెక్క గట్టిగున్నది. రెండు రోజులది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గదే నాకు సమజైతలేదు. రోజుకు పదిసార్లు చెయ్యి ముట్టుకొని చూసుకునే మనిషి. వానికి ఎట్ల తెలువలేదు?"

ఆ ప్రశ్న ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరికీ పట్టలేదు. శంకరవ్వకు చెవులు పనిచేయడం లేదు. సక్కుబాయికి ఆ తర్వాతి సంగతి కావాలి.

"ఇగ ఏం చేద్దాం సారు?"

"ఎడమ చేతిల మోచెయ్యి కాడ ఒక్క మంచి నరం మిగిలింది. అక్కడ కొత్తది చేస్తం. కాని అది సూదికి తయారయ్యేసరికి ఆరు వారాలు పడ్తది. అన్ని దినాలు మిషన్ ఎక్కకుంటె మనిషి ఉండడు. అప్పటిదాక మెడ పక్కన పెద్ద నరంలకు మెత్తటి పైపు వేసి కుట్టేస్తం. ఇయ్యాలనే వాడుకోవచ్చు. తడవకుండ, మురికి తగలకుండ చూసుకోవాలె. లేకుంటె చీము పట్టి చలిజ్వరం వస్తది, పానం మీదికి తెస్తది. తొడల గూడ పైపు వెయ్యొచ్చు. వేస్తే మంచం దిగరాదు, నాలుగు దినాలకే తియ్యాలె. హైదరాబాద్‌ల తోలు కింద ప్లాస్టిక్ నరం కుడ్తరు గని, అది అన్ని దారులు మూసుకపోయినంక చూసుకునేది. ఇప్పుడు మనకున్నది మెడనే."

"వెయ్యుండ్రి మరి."

"ఆయన ఒప్పుకుంటలేడమ్మా."

సక్కుబాయి తలెత్తింది.

"లోపల అడిగి వచ్చిన. మెడ ముట్టనియ్యనంటుండు. పక్క మంచం హనుమండ్లు యాదికున్నడా, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల చేసేటాయన? మెడ పైపుతోనే జ్వరమొచ్చి పోయిండు పోయిన నెల. అది కండ్ల ముంగట చూసిండు కద, భయపడ్తుండు. నేను ఎంత చెప్పినా ఇంటలేడు. ఒంట్ల నీరు గుండెకాడికి వచ్చింది. పొద్దుగూకేలోపల మిషన్ ఎక్కకుంటె ఊపిరాడదు. వద్దన్న మనిషి మెడల నేను బలిమిన పైపు వెయ్యలేను. మీరు ఒప్పియ్యుండ్రి."

ఆయన లేచిపోయాడు. గోడ గడియారంలో రెండున్నర దాటింది.

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా సక్కుబాయికి అప్పుడు ముంచుకొచ్చింది. నోరున్న మనిషి కాదామె. వదినెకు ఎదురు నిలబడి ఎన్నడూ మాట్లాడలేదు. కానీ పానం మీదికి వచ్చినప్పుడు వరసలు అడ్డం రావు.

"పదకొండు నెలలు వదినె" అంది. "ఆ చేతిని పసిపిల్ల లెక్క సాకిన. బస్సుల జనం తొక్కిడిల నలుగుతదని నా ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన. బిగువైతదని అంగీల చేతులన్ని కోసి మల్ల కుట్టిన. పొద్దుగాల లేవంగనే దేవుని ముఖం చూడలే, గా చెయ్యి చెవికి పెట్టుకున్న. నువ్వొచ్చినవని మూడు దినాలు చెవికి పెట్టుకోలే. నువ్వు చూస్తవని, అడుగుతవని. మూడంటె మూడు దినాలు."

"నాకు తెలువది సక్కూ."

"తెలువది. నువ్వు కట్టిన దారానికి తెలుస్తదా మరి, నీకు తెలువదని?" సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "దసరా ఎల్లంగనే నా కిడ్నీ ఒకటి తీసి ఆయనకు పెడ్తమన్నరు. హైదరాబాద్‌ల పరీక్షలన్ని చేసిండ్రు. అన్ని కలిసినయి. ఇంకో రెండు నెలలు. గా రెండు నెలలు ఆ చెయ్యి నడిస్తె చాలని యములాడ రాజన్నకు కోడెను మొక్కుకున్న. ఇగ నేను ఏం మొక్కాలె?"

పుండు మీద కారం చల్లినట్టుంది శంకరవ్వకు. అయినా మరదలి మీద కోపం రాలేదు. ఆ పిల్ల అనడంలో తప్పేముంది? తనైనా అదే అనేది. ఇంకా ఎక్కువే అనేది, శంకరవ్వ నోరు అసలే మంచిది కాదు.

"నేను పోయి చెప్త" అంది. "నా మాట ఇంటడు."

మిషన్ గదిలోకి పోయే ముందు ఆమె తారాబాయి బల్ల దగ్గర ఆగింది. స్టీలు పళ్ళెంలో దూది, సూదుల మూతలతో పాటు ఆ పసుపు దారం పడి ఉంది. కాసేపట్లో చెత్తబుట్టలో పోస్తారు. పౌర్ణమినాడు కట్టిన దారం చెత్తలో పడకూడదు. విప్పినాక పారే నీళ్ళలో వదలాలి. ఎంత పాడు దారమైనా, పాపం చేసిన దారమైనా దాని మర్యాద దానిది. మానేరు నదిలో వేద్దామని అడిగి తీసుకుంది.

అరచేతిలో పెట్టుకుని చూసింది. చూసి, కిటికీ దగ్గరికి, వెలుతురులోకి పోయింది.

కత్తెర పడిన చోటు వేరే ఉంది, ముడులు చెడలేదు. ముడులు. ఒకటి కాదు, రెండు.

మొదటిది తనదే. తన ముడి తనకు తెలియదా? భీవండిలో రోజుకు వెయ్యి పోగులు అతికే చెయ్యి అది. కొసలు బెత్తెడు చొప్పున వదులుతుంది, కుడికి ఒరిగేట్టు వేస్తుంది, మణికట్టుకూ దారానికీ నడుమ రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచుతుంది. కంకణం గాజు తిరిగినట్టు తిరగాలి బిడ్డా, బిగిసిందంటే అది కట్టు అవుతది అని తల్లి చెప్పేది. బుధవారం కూడా వేళ్ళు దూర్చి చూసుకుంది. ఆ ముడిని కళ్ళకద్దుకున్నప్పుడే కదా చెయ్యి జుమ్మంది? తన దారం పడ్డాక కూడా ఆ నరం మోగింది.

రెండో ముడి దానికి ఎదురు వైపున ఉంది. ఆమె వదిలిన సందునంతా ఒక్కచోటికి లాగి, మెలిపెట్టి, గట్టిగా బిగించి వేసిన ముడి. పక్కన మిగిలిన దారం చిన్న చెవిలా పొడుచుకొచ్చి ఉంది. ఆ చెవి నలిగి, అణగి, పోగులు చిట్లి ఉంది. పళ్ళతో పట్టి గుంజితే తప్ప నూలు అట్లా చిట్లదు. ముడి ఎడమకు ఒరిగింది.

ఒక చెయ్యి ఖాళీ లేనప్పుడు వేసే ముడి అది. చేమగ్గం మీద పోగు తెగితే, ఒక చేత్తో పడుగును ఆపి, రెండో చేత్తో, పళ్ళతో అతుకుతారు. ఈ కాలం పిల్లలకు రాదు. సాంచాల మీద దాని పనే లేదు. సిరిసిల్లలో, తన పెళ్ళికి ముందు, మగ్గం గుంటలో తన పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కడికి నేర్పింది శంకరవ్వ. పాలపళ్ళు ఊడిన నోటితో వాడు దారం పట్టలేక నవ్వుతుంటే తనూ నవ్వింది.

తప్పు తనది కాదని తెలిసి ఒక్క క్షణం ఆమె గుండె తేలికైంది. నిజం దాచకూడదు, తేలికైంది. మరుక్షణం ఆ ముడి అర్థమేమిటో తెలిసింది. అప్పుడు, నేనే చేసి ఉంటే ఎంత బాగుండు దేవుడా అనుకుంది.

వరండాలో సక్కుబాయి గోడకు తల ఆనించి కూర్చుంది. శంకరవ్వ దారాన్ని కొంగు చివర మూటకట్టి, నడుములో దోపుకుంది. లోపలికి పోయి, తారాబాయిని జర బయట ఉండమంది.

కైలాసం మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. కాళ్ళు దుంగల్లా ఉబ్బాయి. అక్కను చూసి నవ్వబోయాడు.

"మెడకు ఒప్పియ్యనీకి... పంపిండ్రా?"

శంకరవ్వ మంచం అంచున కూర్చుని, కొంగు విప్పి, దారాన్ని వాడి ఎడమ అరచేతిలో పెట్టింది.

"మొదటి ముడి నాది" అంది. "గీ రెండోది ఎవలదిరా?"

వాడు దాన్ని చాలాసేపు చూశాడు. అబద్ధం చెబుతాడనుకుంది. చెబితే బాగుండునని కూడా అనుకుంది.

"నువ్వు నేర్పిందే అక్కా" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. లోపల ఏదో తెగింది. దాన్ని అతకడానికి ఏ ముడీ రాదు.

"బుధవారం మాపటికి మీరిద్దరు బోరింగు కాడికి పోయిండ్రు" అన్నాడు వాడు, ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ. "చెయ్యి చూసుకుంట కూసున్న. నువ్వు పెట్టిన సందు కనవడ్డది. అంతే. ఎక్కువ సేపు పట్టలే. పొద్దుగాలటికి బందైంది. నొప్పి గూడ లేదక్కా."

"ఎందుకురా? నీకు ఏం తక్కువ చేసింది ఆ పిల్ల?"

"తక్కువ చెయ్యలే. గదే." వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "కిడ్నీ ఇస్తదట. ఒద్దంటె ఇనది. పెట్టింది నాకు నిలుస్తదని ఎవలు గట్టిగ చెప్తలేరు. ఆమెకు ఒక్కటి మిగుల్తది. బీడీల గాలికి ఇప్పటికే దగ్గుతది. ఇద్దరం పోతె పిల్లలు? కన్న అవ్వ లేకుంట పెరుగుడు నాకు తెలుసు. నాకు నువ్వున్నవు. వాళ్ళకు ఎవలున్నరు? నేనే లేకుంటె... ఆమె ఇచ్చే పనే ఉండదు గద."

"నీ చావుకు నా దారమే దొరికిందారా?"

ఆ మాట వాడికి తగిలింది. ఇంతసేపూ తనకు తాను చెప్పుకున్న నీతులన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

"నిన్ను అంటరని తోచలే" అన్నాడు చివరికి. "నువ్వు సోమవారం బస్సెక్కి పోతవు... ఆ తర్వాత ఏదైతే అది... అనుకున్న. ఇయ్యాల నువ్వు వెంట వస్తవని అనుకోలే."

తమ్ముడి మీద జాలి, కోపం, రెండూ ఒక్కసారే పొంగుకొచ్చాయి శంకరవ్వకు. చెంప మీద ఒక్కటి వేయాలనిపించింది. ఒళ్ళో పడుకోబెట్టుకోవాలనిపించింది. రెండిటికీ ఇప్పుడు వేళ లేదు. కిటికీ బయట ఎండ గోడ ఎక్కుతోంది.

దారాన్ని వాడి చేతిలోంచి తీసుకుంది.

"ఇను. నేను ఇది తీసుకపోయి సక్కు చేతిల పెడ్త. ఆమె సాలె బిడ్డనే, ముడి చూస్తె గుర్తువడ్తది. నీ పెండ్లాం పదకొండు నెలలు చెవి పెట్టుకొని సాకిన చేతిని నువ్వే పిసికినవని ఎరుకైతది. ఆ తర్వాత నువ్వు బతికినా సచ్చినా ఆమె మాత్రం బతుకది."

"వద్దక్కా." వాడు లేవబోయి, లేవలేక, ఆమె కొంగు పట్టుకున్నాడు. "సక్కుకు చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

"అయితె మెడ చాపు."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాలుగేళ్ళ పిల్లవాడిది. చేదు మందు గిన్నె చూసినప్పుడు అట్లాగే చూసేవాడు, మింగేవాడు కూడా. తల ఊపాడు.

ఆమె లేవబోయింది. వాడు కొంగు వదల్లేదు.

"అక్కా. ఆరు వారాలే గద పైపు? ఆ తర్వాత కొత్త నరం ఎడమ చేతిలనట."

"అయితె?"

"కుడిచెయ్యి ఖాళీగ ఉంటది." వాడి గొంతులో బెదిరింపు లేదు. తన చేతిని చూసి తానే భయపడుతున్న మనిషి గొంతు అది. "మొన్న చేసింది నేనేనా అని నాకే నమ్మబుద్ధి అయితలేదు. మల్ల గట్ల అనిపిస్తె? సక్కుకు తెలువది, ఆమె కాపలా కాయదు. నువ్వు పోకక్కా. ఆరు వారాలు, ఆ తర్వాత కిడ్నీ ఆపరేషన్ దాక, నువ్వు ఉండు."

"పోను" అంది శంకరవ్వ. భీవండిలో ఆమె కండెల పని ఎవరు చేస్తారో, ఇంట్లో వాళ్ళు ఏమంటారో అప్పుడు గుర్తుకు కూడా రాలేదు. "నిన్ను ఒక్కన్ని ఇడిచిపెట్టి నేను యాడికి పోను."

బయటికి వచ్చేసరికి డాక్టరు, తారాబాయి గుమ్మంలోనే ఉన్నారు. ఒప్పుకున్నడు అని ఆమె చెప్పగానే వాళ్ళు గబగబా లోపలికి పోయారు. తలుపు మూసుకుంది. సక్కుబాయి లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో చెప్పలేం. తర్వాత చేతులు దించి వదినె వైపు తిరిగింది.

"ఒక్కటి అడుగుత. నీ తమ్ముని మీద ఆన, నిజం చెప్పాలె. గట్టిగ కట్టినవా, వదులుగ కట్టినవా? వదులుగనే కట్టిన, నూలు ఆరి బిగిసింది అని చెప్పు. దేవుడు చేసిండు అనుకొని కడుపుల పెట్టుకుంట."

శంకరవ్వ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. కొంగు మూటలో దారం వేలికి తగిలింది. వదులుగా కట్టానంటే, ఆరితేనే అంత బిగియదని ఈ సాలె బిడ్డకు రేపైనా తోస్తుంది, ఆ దారం ఏదీ చూపించమంటుంది. చూపిస్తే రెండు ముడులు కనిపిస్తాయి.

"గట్టిగనే కట్టిన" అంది. "ఊడిపోవద్దని, ఏడాదంత ఉండాలని, బిగిచ్చి కట్టిన."

సక్కుబాయి ఏడుపు ఆగిపోయింది.

"అయితె నువ్వు సోమవారం దాక ఉండద్దు వదినె. గిక్కడికెల్లే బస్టాండుకు పో. నీ సంచి ఎవలతోనైన పంపిస్త. ఆయన మెడకు పైపు ఉన్నన్ని దినాలు, ఎడమ చేతిల కొత్త నరం వచ్చినంక గూడ, నేనొక్కదాన్నే చూసుకుంట. నీ చెయ్యి ఆయన మీద పడొద్దు. నా గడప తొక్కకు."

శంకరవ్వ నోరు తెరిచింది. చెప్పగలిగింది ఒక్కటే, అది చెప్పనని లోపల మాటిచ్చి వచ్చింది. తమ్ముణ్ణి విడిచి పోనని లోపల ఇంకో మాట కూడా ఇచ్చింది. ఆ రెండు మాటలు ఒక్కచోట నిలవవని ఇప్పుడు తెలిసింది.

తలుపు ఓరగా తెరుచుకుంది. తారాబాయి తల బయటపెట్టింది.

"అక్కెవరు? మెడకు సూది పెట్టేముంగట అక్క చెయ్యి పట్టుకోవాలంటుండు. ఆమె వస్తెనే పెట్టనిస్తడట. జల్ది రాండ్రి, టైం లేదు."

శంకరవ్వ ఒక్క అడుగు ముందుకు వేసింది. సక్కుబాయి పోయి ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది.